మంచం పక్కన ఆక్సీమీటర్: అంకె చూసి కంగారు పడేముందు

కిందటి నెల ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే వస్తువు గురించి, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్పే ఆ చిన్న క్లిప్పు, ఆక్సీమీటర్ గురించి. 2021లో కరోనా రెండో వేవ్‌లో కొన్నవి చాలా ఇళ్లలో ఇంకా ఏదో సొరుగులో ఉన్నాయి, ఎవరికైనా జ్వరమొస్తే బయటికి వస్తాయి, అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి అన్నీ దీని గురించే తీసుకున్నాను.

ప్రశ్న: మా మావయ్యగారికి 71 ఏళ్లు, సీఓపీడీ (గాలి గొట్టాలు బిగుసుకుపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు). నలభై ఏళ్లు చుట్టలు కాల్చారు, మానేసి ఆరేళ్లయింది. ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మిషన్) పెట్టి నిమిషానికి 2 లీటర్లు ఇవ్వమన్నారు డాక్టరుగారు. ఆక్సీమీటర్‌లో ఎప్పుడు చూసినా 89, 90, 91. మొన్న అమెరికా నుంచి మా మరిది వీడియో కాల్‌లో చూసి "95 పైన ఉండాలి కదా వదినా, పెంచండి" అన్నాడు. 4 లీటర్లు పెట్టాం, 97 వచ్చింది, అందరం హాయిగా పడుకున్నాం. పొద్దున లేపితే సరిగ్గా లేవలేదు, తలనొప్పి అన్నారు, మాట ముద్దగా వచ్చింది. 2కి తగ్గించాక మధ్యాహ్నానికి మామూలయ్యారు. మేం చేసిన తప్పేంటి? (ఓ కోడలు, తణుకు)

అమ్మా, ముందు ఒక మాట. మధ్యాహ్నానికి మామూలయ్యారని ఊరుకోకండి, ఈ ఉత్తరంలో రాసినదంతా ఇలాగే ఆయన్ని చూసే డాక్టరుగారికి చెప్పండి, ఈ వారంలోనే.

మీ మరిది చెప్పిన 95 తప్పు కాదు, కానీ అది ఊపిరితిత్తులు బాగున్నవాళ్ల లెక్క. సీఓపీడీ ముదిరినవాళ్లలో కొందరికి ఒంట్లో తయారయ్యే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పూర్తిగా బయటికి పోదు, కొంత రక్తంలోనే నిలవ ఉంటుంది. వాళ్లకి ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే ఆ నిలవ ఇంకా పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో పాడైన భాగాలకి కూడా రక్తం మళ్లిపోతుంది, ఊపిరి తీసే జోరు కొంత తగ్గుతుంది, రెండూ కలిసి పొద్దున తలనొప్పి, మత్తు, తడబడే మాట. మీరు చూసింది సరిగ్గా అదే అయి ఉండొచ్చు. అందుకే ఇలాంటివాళ్లకి డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంచమని చెబుతారు. మీ చీటీ ఒకసారి తీసి చూడండి, లీటర్ల పక్కన ఈ అంకె రాసి ఉండొచ్చు. లేకపోతే అడిగి రాయించుకోండి. కాన్సన్‌ట్రేటర్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి దాని మీద పెద్ద అక్షరాలతో "2 లీటర్లు, 88–92" అని రాసిపెట్టండి. వీడియో కాల్‌లో చూసేవాళ్లకి కూడా కనిపించాలి.

ఇందులో ఆక్సీమీటర్ మనల్ని మోసపుచ్చే చోటు ఒకటుంది. అది ఆక్సిజన్ మాత్రమే చూస్తుంది, బొగ్గుపులుసు వాయువు సంగతి దానికి తెలియదు. ఆ రాత్రి మీ మావయ్యగారి పరిస్థితి చెడుతున్నకొద్దీ అంకె ఇంకా బాగుంటూ వచ్చింది. ఆ వాయువు ఎంతుందో తెలియాలంటే మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షే దారి.

మళ్లీ ఎప్పుడైనా మత్తుగా ఉంటే, పిలిస్తే పలకడం ఆలస్యమైతే, ఆక్సిజన్ పూర్తిగా తీసేయకండి, అది ఇంకో ప్రమాదం. డాక్టరు రాసిన లీటర్లకి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. రీడింగ్ 88 కంటే కిందికి దిగి, వేలు మార్చి చూసినా అలాగే ఉంటే కూడా ఫోన్ చేయాల్సిందే. మీటలు తిప్పుకుంటూ రాత్రి గడపొద్దు.

ప్రశ్న: అమ్మకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. మంచం పక్కన అద్దెకి తెచ్చిన మానిటర్ పెట్టాం, రాత్రంతా మోగుతూనే ఉంటుంది. వెళ్లి చూస్తే అమ్మ ప్రశాంతంగా నిద్రపోతుంటుంది. మూడు వారాలుగా మాకు నిద్ర లేదు, మొన్న సౌండ్ ఆపేశాం. ఆపొచ్చా? (కొడుకు, కరీంనగర్)

ఆపొద్దు బాబూ. మీ అలసట నాకు అర్థమవుతుంది, నిద్ర లేని మనిషి ఎవర్నీ సరిగ్గా చూసుకోలేడు కూడా. కానీ సౌండ్ ఆపడానికి బదులు అది ఎందుకు మోగుతోందో పట్టుకుంటే చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ఈసారి మోగినప్పుడు అంకె చూడకండి, ముందు అమ్మ ముఖం చూడండి, రొమ్ము లేస్తూ దిగుతూ ఉందో చూడండి. తర్వాత తెర మీద కదిలే గీత చూడండి. నాడి బాగా అందుతుంటే ఆ గీత అలలు అలలుగా వస్తుంది, ప్రతి అలకీ ఒక కొండ, దిగేటప్పుడు చిన్న మెట్టు, అన్నీ దాదాపు ఒకే ఎత్తు. గీత వంకరటింకరగా, నేలబారుగా ఉందంటే పక్కనున్న అంకెకి విలువ లేదు, అది 82 చూపించినా, 99 చూపించినా సరే.

గీత పాడవడానికి కారణాలు నేను ఇళ్లకి వెళ్లినప్పుడు చూసినవి చెబుతాను. చెయ్యి చల్లబడి ఉంటుంది, ఏసీ గాలి సరిగ్గా ఆ చేతి మీదే కొడుతుంటుంది, ఒక నిమిషం మీ రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరచండి. క్లిప్పు సగమే దూరి ఉంటుంది, వేలి కొస లోపల చివరిదాకా తగలాలి. పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి కదలదు కదా అని చాలామంది దానికే పెడతారు, కానీ ఆ చెయ్యి వాచి, చల్లగా ఉంటే రీడింగ్ సరిగ్గా రాదు, బాగున్న చేతికి మార్చి చూడండి. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో ఒక పెద్దాయన మానిటర్ సరిగ్గా పావుగంటకోసారి మోగేది, మేమంతా ఊపిరితిత్తుల్లో ఏదో ఉందని తలలు పట్టుకుంటుంటే, రాత్రి డ్యూటీ సిస్టరమ్మ వచ్చి క్లిప్పు తీసి రెండో చేతికి పెట్టింది. బీపీ పట్టీ కూడా మొదటి చేతికే ఉంది, పావుగంటకోసారి అది బిగుసుకున్నప్పుడల్లా కింద వేలికి రక్తం ఆగిపోయేది. ఆ రాత్రి మళ్లీ మోగలేదు.

ఇంకోటి, ఒకే వేలికి రాత్రంతా క్లిప్పు ఉంచకండి. రెండు మూడు గంటలకోసారి వేలు మార్చండి, తీసినప్పుడు చర్మం చూడండి. స్పర్శ తెలియని చేతికి పుండు పడుతున్నా అమ్మ చెప్పలేదు. అలారం ఏ అంకె దగ్గర మోగాలన్నది మీ డాక్టరుని అడిగి, మానిటర్ ఇచ్చినవాళ్ల చేత పెట్టించుకోండి. ఇవన్నీ చేశాక కూడా నిద్రలో అంకె తరచూ పడుతూ లేస్తూ ఉండి, పెద్ద గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుంటే, అది స్లీప్ ఆప్నియా కావచ్చు, పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువే కనిపిస్తుంది. అప్పుడు ఆ మోత నిజమే చెబుతున్నట్టు, పరీక్ష చేయించాలి.

ప్రశ్న: రాత్రి రెండింటికి నాన్నకి ఆయాసమని ఆక్సీమీటర్ పెడితే 78 అని వచ్చింది. కారులో ముప్పై కిలోమీటర్లు పరిగెత్తాం. అక్కడ 97 అన్నారు. మిషన్ పాడైనట్టేనా? (తెనాలి)

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. మిషన్ పాడవలేదు. తెర మీద రెండు అంకెలున్నాయి, పైన 97, కింద 78. పైదాని పక్కన శాతం గుర్తు ఉంది, అది ఆక్సిజన్. కిందిది నాడి, నిమిషానికి 78 సార్లు, చక్కగా ఉంది. కంపెనీని బట్టి ఈ రెండూ పైనా కిందా, కుడీ ఎడమా మారిపోతాయి కాబట్టి చోటు గుర్తుపెట్టుకోవద్దు, శాతం గుర్తునే చూడాలి.

2021 మే నెలలో నాకు రాత్రిళ్లు వచ్చిన ఫోన్లలో ఇలాంటివి ఎన్నో. ఇంకో రకం కూడా ఉండేది, మిషన్‌ని తలకిందులుగా చదవడం. గీతల అంకెల్లో 98ని అటువైపు నుంచి చూస్తే 86 అవుతుంది, 89 అయితే 68. మంచానికి ఏ పక్క నుంచి నిలబడి చూస్తున్నారో గమనించుకోండి. పగటిపూట, ఎవరికీ ఏమీ లేనప్పుడు, ఇంట్లో అందరూ ఒకసారి పెట్టుకుని చదవడం నేర్చుకోండి, పదేళ్ల పిల్లలతో సహా.

కానీ మీరు పరిగెత్తడం తప్పు కాదు. ఆయాసంతో ఉన్న పెద్దమనిషిని, అంకె 97 ఉన్నా సరే, చూపించాల్సిందే. గుండెకి సంబంధించిన ఆయాసంలో మొదట్లో ఆక్సిజన్ బాగానే ఉండొచ్చు. ఈసీజీ తీశారా? తీయకపోతే తీయించండి.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. సూది గుచ్చకుండా, వేలికి లైటు వేస్తే రక్తంలో ఆక్సిజన్ ఎలా తెలుస్తుంది? (వరంగల్)

ఈ ప్రశ్నకి చాలా సంతోషమేసింది. క్లిప్పు తెరిచి లోపల చూడు, పైన ఎర్ర లైటు కనిపిస్తుంది. దాని పక్కనే ఇంకో లైటు ఉంది, కంటికి కనబడదు, ఇన్‌ఫ్రారెడ్. మొదటిది 660 నానోమీటర్లు, రెండోది 940 దగ్గర. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువ పీల్చుకుని ఎర్ర కాంతిని వదిలేస్తుంది, ఆక్సిజన్ లేనిది అందుకు తలకిందులు. కింద ఉన్న సెన్సర్ ఏది ఎంత మిగిలిందో చూసి లెక్క కడుతుంది.

అయితే వేలిలో చర్మం, గోరు, ఎముక, సిరల్లో రక్తం అన్నీ కాంతిని పీలుస్తాయి కదా, ధమని రక్తాన్ని విడిగా ఎలా పట్టుకోవాలి? ఇక్కడే జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి తెలివి ఉంది. నిహోన్ కోడెన్ అనే కంపెనీలో ఆయన అసలు చేస్తున్న పని వేరు, రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి దగ్గర కాంతితో దాన్ని కొలిచి, గుండె ఎంత రక్తం పంపుతోందో చూడటం. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ కొలత అదిరేది, ఆ అదురు పోగొట్టడానికి తంటాలు పడుతుండగా తట్టింది, అదిరేది ధమని రక్తం ఒక్కటే, మిగతావన్నీ కదలకుండా ఉంటాయి, అంటే అదిరే భాగం మాత్రం తీసుకుంటే ధమనిలో ఆక్సిజన్ దొరుకుతుంది. 1974లో ఆ సంగతి బయటపెట్టాడు. 2020 ఏప్రిల్‌లో, ఆ చిన్న మిషన్ కోసం ప్రపంచమంతా మందుల షాపుల ముందు నిలబడుతున్న రోజుల్లో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మీ బైపీసీ పుస్తకంలో హిమోగ్లోబిన్ పాఠం పక్కన ఆయన పేరు రాసుకో.

ప్రశ్న: మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 7. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఆక్సీమీటర్ 99 చూపిస్తోంది. ఏది నమ్మాలి? (ఒంగోలు)

రెండూ నిజమే. ఆక్సీమీటర్ చూసేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండిందని. పన్నెండు బిందెలు ఉండాల్సిన ఇంట్లో ఏడే ఉన్నాయనుకోండి, ఏడూ అంచులదాకా నిండితే మిషన్ 99 అంటుంది, ఇంటికి మాత్రం నీళ్లు చాలవు. అమ్మాయికి కావాల్సింది ఆక్సిజన్ కాదు, రక్తం ఎందుకు తగ్గిందో తెలుసుకోవడం, నెలసరి ఎక్కువా, తిండిలో ఐరన్ తక్కువా, నులిపురుగులా, ఇంకేమైనానా అని. 7 అంటే ఇంటి చిట్కాలతో ఆగే అంకె కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇలాగే మిషన్ 99 చూపిస్తూ మనిషి ప్రాణం మీదికి వచ్చే సందర్భం ఇంకొకటి ఉంది, అడగకపోయినా చెబుతాను. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్. వాటిలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ని అంటిపెట్టుకుంటే, ఈ రెండు లైట్లకీ అది ఆక్సిజన్ లాగే కనిపిస్తుంది. అలాంటి చోట ఎవరైనా తల తిరిగి పడిపోతే క్లిప్పు పెట్టి చూస్తూ కూర్చోవద్దు, బయటి గాలిలోకి లాగి ఆస్పత్రికి తీసుకెళ్లండి, గీజర్ సంగతి అక్కడ చెప్పండి.

ప్రశ్న: గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే తప్పు చూపిస్తుందా? నల్లగా ఉన్నవాళ్లకి కూడా తేడా వస్తుందని విన్నాను, నిజమేనా? (కాకినాడ)

ఆషాఢంలో రుబ్బి పెట్టుకునే ఎర్ర గోరింటాకు పెద్దగా అడ్డురాదు. నల్ల మెహందీ అడ్డొస్తుంది, ఒక్కోసారి రీడింగే రాదు. నెయిల్ పాలిష్‌లో నలుపు, నీలం లాంటి ముదురు రంగులతో ఒకటి రెండు అంకెలు తేడా రావచ్చు, ఒక్క వేలికి తుడిచేస్తే సరిపోతుంది.

రంగు సంగతి నిజమే, అది మనం పట్టించుకోవాల్సిన విషయం. 2020 డిసెంబర్‌లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నా, రక్త పరీక్షలో 88 కంటే తక్కువున్నవాళ్లు తెల్లవారిలో కంటే నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించారు. 2021 ఫిబ్రవరిలో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా దీని మీద హెచ్చరిక ఇచ్చింది. నా మాటగా చెబుతున్నాను, చామనఛాయ, నలుపు ఉన్న మనలాంటివాళ్లు 94 దగ్గర ఊగిసలాడే రీడింగ్‌ని, ముఖ్యంగా జ్వరం, దగ్గు ఉన్నప్పుడు, "పర్లేదులే" అనుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీ అంకె ఎంతో ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఎప్పుడూ 98 ఉండే మనిషికి 94 వచ్చిందంటే అది కబురే.

ప్రశ్న: ఫోన్‌లో యాప్ ఉంది, కెమెరా మీద వేలు పెడితే చెబుతుంది. చాలదా? (హైదరాబాద్)

చాలదు. ఫోన్ వెనక ఉన్నది మామూలు తెల్ల ఫ్లాష్, పైన చెప్పిన ఇన్‌ఫ్రారెడ్ లైటు అక్కడ లేదు. నాడి కాస్త లెక్కపెట్టగలదేమో కానీ జబ్బు మనిషి ఆక్సిజన్ దాంతో తేల్చుకోవద్దు.

ప్రశ్న: మేలో కేదార్‌నాథ్ వెళ్తున్నాం, పదిమందిమి, అందరూ అరవై దాటినవాళ్లే. ఆక్సీమీటర్ తీసుకెళ్లాలా? ఎంత ఉంటే దిగిపోవాలి? (రాజమండ్రి)

తీసుకెళ్లండి, కానీ అక్కడ ఇక్కడి లెక్క పనిచేయదు. గౌరీకుండ్ సుమారు 2,000 మీటర్ల ఎత్తు, కేదార్‌నాథ్ 3,500 దాటి. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఒక్క రోజులో అంత ఎక్కితే ఆరోగ్యవంతుడికైనా రీడింగ్ 90కి అటూ ఇటూ పడుతుంది. పైగా చలికి వేళ్లు గడ్డకట్టి మిషన్ ఇంకా తక్కువ చూపిస్తుంది, చేతులు జేబుల్లో పెట్టి వెచ్చబరిచాక, కూర్చుని, రెండు నిమిషాలాగి చూడండి.

దిగిపోవడానికి అంకె కోసం ఎదురుచూడకండి. తలనొప్పి, వాంతులు, నడకలో తూలడం, మాట తడబడటం, కూర్చున్నా తగ్గని ఆయాసం, వీటిలో ఏది ముదురుతున్నా ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి, దర్శనం కాలేదన్నా సరే, తోడు ఒకరు దిగాలి. రీడింగ్ మీకు ఉపయోగపడేది పక్కవాళ్లతో పోల్చడానికి. తొమ్మిదిమందికి 88, 90 ఉండి ఒకరికి 76 ఉంటే, ఆయన బాగానే ఉన్నానన్నా నమ్మకండి. వీలైతే దారిలో గుప్తకాశీలో గానీ సోన్‌ప్రయాగ్‌లో గానీ ఒకటి రెండు రాత్రులు ఆగి ఎక్కండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు టికెట్లు కొనకముందే డాక్టరుని కలవాలి.

ప్రశ్న: నాకు ఆక్సిజన్ 98, కానీ పల్స్ 48 చూపిస్తోంది, ఒక్కోసారి 90కి దూకుతుంది. బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను. వయసు 66. (అనంతపురం)

మెటోప్రొలాల్ నాడిని తగ్గిస్తుంది, కాబట్టి 55, 60 ఉంటే నేను కంగారు పడను. 48, అదీ దూకుతూ ఉందంటే తెలుసుకోవాలి. మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు. చేతికి 80 అంది, మిషన్ 48 అంటే కొన్ని కొట్లు బలహీనంగా ఉండి మిషన్‌కి అందడం లేదన్నమాట. కొట్లు వరస తప్పి ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా వస్తుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే జబ్బు కావచ్చు, దాన్ని వదిలేస్తే పక్షవాతం ప్రమాదం ఉంది. రెండు మూడు రోజుల్లో ఈసీజీ తీయించండి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, రొమ్ములో నొప్పి ఉంటే మాత్రం ఇవాళే వెళ్లాలి.

ప్రశ్న: తొమ్మిది నెలల బాబుకి జలుబు, దగ్గు. వేలికి క్లిప్పు పెడితే జారిపోతోంది, 80, 99, 71 అని ఏవేవో అంకెలు. ఏడుపొస్తోంది. (పేరు రాయని తల్లి, నిజామాబాద్)

తల్లీ, ఆ అంకెలు మర్చిపో. పెద్దల క్లిప్పు బాబు వేలికి పట్టదు, పైగా ఏడుస్తూ కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే ఏ మిషనూ చెప్పలేదు. ఆస్పత్రుల్లో పిల్లలకి పాదానికి చుట్టే మెత్తటి పట్టీ వేరే ఉంటుంది.

బాబు నిద్రపోతున్నప్పుడో, పాలు తాగి ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టు. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి 50 అంతకు మించి ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపైతే 40. రెండు నెలల లోపు పసికందుకి 60. లెక్కపెడుతూనే పక్కటెముకల కింద చూడు, ఊపిరి తీసినప్పుడల్లా అక్కడ గుంట పడుతోందా? ముక్కుపుటాలు ఎగురుతున్నాయా? మూలుగు వస్తోందా? పెదవులు నీలంగా మారాయా? పాలు తాగలేక వదిలేస్తున్నాడా? వీటిలో ఒక్కటి ఉన్నా రాత్రైనా సరే ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి, వచ్చేలోపు బాబుని భుజాన నిటారుగా ఎత్తుకుని ఉండు. ఊపిరి వేగం ఒక్కటే ఉండి మిగతావి ఏవీ లేకపోయినా ఇవాళే పిల్లల డాక్టరుకి చూపించు. లెక్కపెట్టిన అంకె, లెక్కపెట్టిన టైము కాగితం మీద రాసి తీసుకెళ్లు.